తెర కింద రెండు వరుసలు

ఒకాయన చెయ్యి తగిలి కాఫీ అంతా పక్కవాడి ఫైళ్ల మీద ఒలికింది. ఫైళ్ల ఆసామి తలెత్తి, "చాలా సాయం చేశావు నాయనా" అన్నాడు. ఈ వాక్యంలో వెటకారం ఎక్కడుంది? అక్షరాల్లో లేదు. గొంతులో ఉంది, ఆ సాగదీతలో ఉంది. వినపడని మనిషి టీవీ తెర కింద ఇదే ముక్క చదివితే, ఫైళ్లు పోయినవాడు నిజంగానే మెచ్చుకుంటున్నాడని అనుకోవచ్చు. బ్రిటన్‌లో బీబీసీకి సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు ఇలాంటి చోట వాక్యం చివర బ్రాకెట్లలో ఒక ఆశ్చర్యార్థకం పెడతారు: (!). వెటకారం ప్రశ్న రూపంలో వస్తే (?) పెడతారు. అంతే. గొంతులోని వంకర తెర మీదికి వచ్చేసింది.

ఈ నియమం బీబీసీ సబ్‌టైటిల్ మార్గదర్శకాల్లో ఉంది. అది దాచిపెట్టిన దస్తావేజేమీ కాదు, ఎవరైనా చదువుకోవచ్చు. సంస్థలు వికలాంగుల పేరు మీద వెలువరించే పత్రాలు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు: సంకల్పాలు, కట్టుబాట్లు, ముందు ఒక పెద్దమనిషి ఫొటో. ఇది ఆ బాపతు కాదు. వాక్యాన్ని ఎక్కడ విరవాలి, పాటను ఎలా చూపాలి, తలుపు చప్పుడు ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు చెప్పక్కర్లేదు, ఇదంతా పనివాడు పనివాడి కోసం రాసుకున్న పుస్తకం. నేను దీన్ని వ్యాకరణ గ్రంథం చదివినట్టు చదివాను, ఇంకా చదువుతూనే ఉన్నాను.

చట్టం అడిగేది శాతం. బ్రిటన్‌లో 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం పదేళ్ల గడువు పెట్టి, ప్రసారాల్లో 80 శాతానికి సబ్‌టైటిల్స్, 10 శాతానికి దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్, 5 శాతానికి సైగల భాష ఉండాలంది. బీబీసీ తన ప్రధాన ఛానెళ్లలో సబ్‌టైటిల్స్‌ను 2008 నాటికి నూటికి నూరు శాతానికి తీసుకెళ్లింది. అయితే శాతం లెక్కకు మంచి సబ్‌టైటిలూ ఒకటే, చెత్త సబ్‌టైటిలూ ఒకటే. ఆ రెంటికీ ఉన్న తేడా అంతా పనితనంలో ఉంది. నాకు ఆసక్తి దాని మీదే.

ఆ పనితనం పాతది. బీబీసీ 1974లో సీఫ్యాక్స్ అనే టెలిటెక్స్ట్ సేవ మొదలుపెట్టింది. టీవీ సిగ్నల్‌లో బొమ్మకు అక్కరలేని వరుసలు కొన్ని ఉంటాయి. వాటిలో అక్షరాలు దాచి పంపితే, ఆ సదుపాయం ఉన్న టీవీ వాటిని విప్పి చూపించేది. 1979లో అందులోనే సబ్‌టైటిల్స్ వచ్చాయి. రిమోట్ మీద 888 నొక్కితే చాలు, కావలసినవాళ్లకు కనిపిస్తాయి, వద్దనుకున్నవాళ్లకు కనిపించవు. సీఫ్యాక్స్ 2012లో మూతపడింది కానీ, దాని ఇరుకులో పుట్టిన అలవాట్లు చాలావరకు నిలిచాయి. వరుసకు 37 అక్షరాలే పట్టేవి. రంగులు కొద్దిగానే దొరికేవి. ఆ కొద్దిపాటి రంగులతోనే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పే పద్ధతి తయారుచేశారు: తెలుపు, పసుపు, లేత నీలం, ఆకుపచ్చ. ప్రధాన పాత్రకు ఒక రంగు ఇస్తే కార్యక్రమం అయ్యేదాకా అది ఆ పాత్రదే. నలుగురు ఒకేసారి గొడవపడే వంటగది సన్నివేశంలో పేర్లు రాయకుండానే ఎవరి మాట ఎవరిదో తెలిసిపోతుంది.

ఇక వరుస విరవడం. సామాన్యంగా రెండు వరుసలు, తప్పనిసరైతే మూడు. చదివే వేగం నిమిషానికి 160 నుంచి 180 ఇంగ్లిషు మాటలు. వరుస నిండింది కదా అని ఎక్కడ పడితే అక్కడ తెంపకూడదు. విశేషణాన్ని ఒక వరుసలో, అది వర్ణించే నామవాచకాన్ని మరో వరుసలో పెడితే కన్ను తడబడుతుంది. షాట్ మారే చోట సబ్‌టైటిల్ కూడా మారాలి, ఎందుకంటే బొమ్మ మారినా అక్షరాలు అలాగే ఉంటే అదే సబ్‌టైటిల్‌ను కన్ను మళ్లీ మొదటినుంచి చదవడానికి వెళుతుంది. మాట్లాడేవారి నోటి మీద అక్షరాలు పడకూడదు. పెదవుల కదలిక చూసి సగం అర్థం చేసుకునేవాళ్లు ప్రేక్షకుల్లో చాలామంది ఉంటారు, వాళ్లకు ఆ నోరే రెండో సబ్‌టైటిల్. జోకు చివరి ముక్కను నటుడు పలకకముందే తెర మీద వేసేయకూడదు. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది కానీ, దీన్ని రాసినవాడికి ప్రేక్షకుడి మీద గౌరవం ఉంది. వినపడనివాళ్లకు సమాచారం అందితే చాలు అనుకునేవాడు ఈ నియమం రాయడు. ఇంట్లో అందరూ ఒకే క్షణంలో నవ్వాలనుకున్నవాడు రాస్తాడు.

శబ్దాల సంగతి మరీ బాగుంటుంది. కుక్క మొరగడం తెర మీద కనిపిస్తుంటే కుక్క మొరుగుతోందని రాయనక్కర్లేదు. తెర వెనక మొరిగి, దాంతో దొంగ పారిపోతే రాయాలి. అంటే సబ్‌టైటిల్ రాసేవాడు ముందు కథ అర్థం చేసుకోవాలి. ఏ చప్పుడు కథను నడుపుతోందో, ఏది ఊరికే ఉందో తేల్చుకోవాలి. బూతుమాట మీద బీప్ వేస్తే ఆ బీప్ అక్షరాల్లోనూ కనిపించాలి. వినగలిగేవాడికి దాచని మాటను చదివేవాడికి దాచడం, వినగలిగేవాడికి దాచిన మాటను చదివేవాడికి చూపడం, రెండూ తప్పే. యాసను అక్షరాల్లో పూర్తిగా దించేసి చదవలేకుండా చెయ్యకూడదు, రుచికి కాస్త తగిలిస్తే చాలు. కథల్లో మాండలికం రాసే మన రచయితలు ఏళ్లుగా కొట్టుకుంటున్న పేచీ ఇదే.

ఇదంతా ముందే రికార్డయిన కార్యక్రమాల సంగతి. ప్రత్యక్ష ప్రసారం వేరే ప్రపంచం. బీబీసీ 2001లో ప్రపంచ స్నూకర్ పోటీలతో రీస్పీకింగ్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఒక మనిషి నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వ్యాఖ్యాత మాట వింటూ, దాన్ని వెంటనే మైకులో తిరిగి పలుకుతాడు. తన గొంతుకు ముందే అలవాటు చేసిన కంప్యూటర్ ఆ పలుకును అక్షరాలుగా మారుస్తుంది. మైదానం హోరులో అరిచే వ్యాఖ్యాత గొంతును యంత్రం నేరుగా పట్టుకోలేదు, అందుకే మధ్యలో ఈ మనిషి. భావం లేకుండా, సమంగా, విరామ చిహ్నాలతో సహా పలకాలి. "కామా" అని, "ఫుల్‌స్టాప్" అని నోటితోనే చెప్పాలి. మాట్లాడేవాడు మారితే మీట నొక్కి రంగు మార్చాలి. ఒక వాక్యం పలుకుతుండగానే తర్వాతి వాక్యం వింటుండాలి. పృచ్ఛకులందరూ ఒకేసారి మీదపడిన అవధాని అవస్థ అది, కాకపోతే పూలదండలు ఉండవు. ఎవరూ దీన్ని గంటలకొద్దీ చెయ్యలేరు, కొద్దిసేపటికోసారి పక్కనున్నవారికి అప్పగిస్తారు. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ల పేర్లన్నీ యంత్రానికి నేర్పుతారు. నేర్పకపోతే ఏమవుతుందో బ్రిటన్ పత్రికలు చాలాసార్లు నవ్వుకుంటూ రాశాయి: అప్పటి లేబర్ పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్ ఒకసారి తెర మీద 'ఎడ్ మిల్లర్ బ్యాండ్' అయ్యాడు. రాజమాత అంత్యక్రియల్లో ఒక నిమిషం మౌనం కాస్తా ఒక నిమిషం హింసగా మారింది.

ఈ తప్పులు చూసి నవ్వడం తేలిక. వాటిని తూచే పద్ధతి తెలిస్తే మాత్రం నవ్వు ఆగి ఆలోచన మొదలవుతుంది. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న కొలత ఒకటుంది. మొత్తం మాటల్లోంచి తప్పులను తీసేసి శాతం కడతారు, 98 దాటితే పర్వాలేదంటారు. అయితే అన్ని తప్పులకూ ఒకే బరువు వెయ్యరు. చదవగానే తప్పని పట్టేసి, అసలు మాట ఊహించుకోగలిగేది చిన్న తప్పు, దానికి పావు మార్కు కోత. వాక్యం అర్థం కాకుండా పోతే అర. అన్నిటికన్నా పెద్ద తప్పు ఏమిటంటే, చూడ్డానికి సరైనదిలాగే ఉండి వేరే అర్థం చెప్పేది. దానికి ఒకటి. నిమిషం హింస అనే మాట చూసిన ఎవరైనా తప్పు జరిగిందని గ్రహిస్తారు. 'పదిహేను వేలమంది' అన్న చోట 'యాభై వేలమంది' అని పడితే ఎవరికీ అనుమానం రాదు. పత్రికలకు మొదటిది వార్త, ఈ పని తెలిసినవాళ్లకు రెండోది గుండె దడ.

ఇక ఆలస్యం. మనిషి విని, పలికి, యంత్రం రాసి, తెర మీద పడేసరికి సెకన్లు గడుస్తాయి. నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మూడు సెకన్లను లక్ష్యంగా పెట్టింది కానీ, నిజంలో అంతకు మించే పడుతుంది. గోల్ అయిపోయి, ఆటగాళ్లు కౌగిలించుకుంటుంటే తెర కింద ఇంకా "బంతి ఎడమవైపు నుంచి" అని వస్తుంటుంది. దీనికి ఇంకా మంచి మందు దొరకలేదు.

సబ్‌టైటిల్స్ వినపడనివాళ్ల కోసమైతే, ఆడియో డిస్క్రిప్షన్ చూపు లేనివాళ్ల కోసం. ఇందులో కళ అంతా సంభాషణల మధ్య దొరికే ఖాళీ మీద నడుస్తుంది. ఒక ఉదాహరణ అనుకుందాం. ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చింది. చేతిసంచి కుర్చీ మీద పడేసింది. బల్ల మీద ఉత్తరం ఉంది, కవరు అప్పటికే చింపి ఉంది. ఆమె దాన్ని చూసి ఆగిపోయింది. లోపలి గదిలోంచి భర్త గొంతు: "వచ్చేశావా?" తలుపు చప్పుడుకూ ఆ ప్రశ్నకూ మధ్య ఉన్నది నాలుగు సెకన్లు. ఏం చెప్పాలి? తలుపు తీసిందని చెప్పక్కర్లేదు, చప్పుడు వినిపించింది. చీర రంగు చెబితే బాగుంటుంది కానీ సమయం లేదు. సంచి పడేయడం కథకు పనికిరాదు. ఉత్తరం చెప్పాలి. ఉత్తరం ఉందంటే చాలదు, చింపి ఉందని చెప్పాలి, ఎందుకంటే వచ్చే అరగంట కథ ఆ చింపడం మీదే నడుస్తుంది. "బల్ల మీద చింపిన కవరు. ఆమె ఆగిపోయింది." అయిపోయింది, భర్త మాట్లాడుతున్నాడు. ఆమె "భయపడింది" అని చెప్పకూడదు. భయమో కోపమో శ్రోత తేల్చుకోవాలి, చూసేవాళ్లు తేల్చుకున్నట్టే. కనిపించిందే చెప్పాలి, అదీ వర్తమానంలో, అదీ ముందు చెప్పేయకుండా.

దీని వెనక ఒక ఇంజినీరింగ్ ఉపాయం కూడా ఉంది. బ్రిటన్ డిజిటల్ ప్రసారాల్లో వ్యాఖ్యాత గొంతును కార్యక్రమం శబ్దంతో కలిపేయకుండా విడిగా పంపే పద్ధతి ఒకటుంది. ఆ గొంతు వెంటే చిన్న సంకేతాలు వెళతాయి: ఇక్కడ కార్యక్రమం శబ్దం ఇంత తగ్గించు, ఇక్కడ మళ్లీ మామూలుగా పెంచు. ఇంట్లో ఉన్న పెట్టె ఆ సంకేతాలను చదివి, అక్కడికక్కడ కలుపుతుంది. సంగీతం తగ్గడం, గొంతు రావడం, సంగీతం తిరిగి పైకి లేవడం, ఆ సర్దుబాటంతా మన టీవీ పక్కనే జరుగుతుంది.

శబ్దం మీద బీబీసీకి పడిన దెబ్బ ఒకటి చెప్పుకోవాలి. 2014లో 'జమైకా ఇన్' అనే నాటకం ప్రసారమైనప్పుడు పాత్రలు గొణుగుతున్నాయని రెండు వేలకు పైగా ఫిర్యాదులొచ్చాయి. ఫిర్యాదు చేసినవాళ్లలో చెవులు బాగా వినిపించేవాళ్లూ ఉన్నారు. వయసు మీదపడి కొంచెం వినికిడి తగ్గినవాళ్లకు నేపథ్య సంగీతం మాటలను మింగేస్తుంది, ఈ బాధ మన ఇళ్లలోనూ ఉంది. 2019లో బీబీసీ పరిశోధన విభాగం, సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 1986 నుంచి నడుస్తున్న ఆసుపత్రి సీరియల్ 'క్యాజువల్టీ' భాగం ఒకదానితో ఒక ప్రయోగం చేశాయి. ప్రతి శబ్దాన్నీ విడిగా ఉంచి, కథకు దాని ప్రాముఖ్యం ఎంతో నిర్ణయించారు. తెర మీద ఒక స్లైడర్ ఇచ్చారు. ఒక కొసన మామూలు టీవీ శబ్దం. మరో కొసకు జరిపితే మాటలు పైకొస్తాయి, కథకు కావలసిన శబ్దాలు మాత్రం మిగులుతాయి, తక్కిన రణగొణధ్వని వెనక్కి తగ్గుతుంది. ఇందులో నాకు నచ్చింది అంకెల్లో చెప్పలేని భాగం: ఆసుపత్రిలో మోగే వంద చప్పుళ్లలో ఏది లేకపోతే కథ పోతుందో ఒక మనిషి కూర్చుని తేల్చాడు. సబ్‌టైటిల్ రాసేవాడు వేసుకునే ప్రశ్నే ఇది, ఆ కుక్క మొరుగుడును రాయాలా వద్దా అని.

ఈ పనుల లాభం ఎవరికి? ఆఫ్‌కామ్ 2006లో అడిగితే బ్రిటన్‌లో సబ్‌టైటిల్స్ వాడేవాళ్లు దాదాపు 75 లక్షలని తేలింది. వాళ్లలో 60 లక్షలమందికి వినికిడి లోపమే లేదు. పసిబిడ్డ నిద్రపోతుంటే చూసేవాళ్లు, కొత్తగా ఇంగ్లిషు నేర్చుకుంటున్నవాళ్లు, యాసలు అర్థంకానివాళ్లు. అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులు పిల్లల ఇళ్లలో ఇంగ్లిషు సీరియళ్లు చూసేది ఇలాగే.

బీబీసీకి మాత్రం నేను పూర్తి మార్కులివ్వను. సైగల భాష కార్యక్రమాలను చాలా ఏళ్లుగా అర్ధరాత్రి దాటాక వేస్తోంది. శాతం లెక్క అయిపోతుంది, చూసేవాడు నిద్రపోతుంటాడు. కావలసినప్పుడు ఆన్‌లైన్‌లో చూసుకునే ఐప్లేయర్ వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది కానీ, ఆ సర్దుబాటు బధిరులకు ఎన్నాళ్లో కష్టం కలిగించింది. బ్రిటిష్ సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉంది, అది చేతులతో రాసిన ఇంగ్లిషు కాదు. అందుకే తెర మూలలో నిలబడి సైగలు చేసే వ్యక్తి కూడా చాలాసార్లు బధిరుడే, ఆ భాష అతని మాతృభాష. 1981 నుంచి నడుస్తున్న 'సీ హియర్' అనే కార్యక్రమం బధిరుల కోసం, ఆ భాషలోనే వస్తుంది. రేడియోలో చూపు లేనివాళ్ల కోసం 'ఇన్ టచ్' 1961లో మొదలైంది. పుట్టుకతో చూపు లేని పీటర్ వైట్ 1974 నుంచి దాన్ని నడుపుతున్నారు. యాభై ఏళ్లు ఒకే కార్యక్రమం! మన ఆకాశవాణి పాత అనౌన్సర్లకు తప్ప మరెవరికీ ఆ ఓపిక అర్థం కాదు.

తెర మీది మనుషుల విషయానికొస్తే, 2009లో పిల్లల ఛానెల్ సీబీబీస్‌లో కుడి ముంజేయి లేకుండా పుట్టిన సెరీ బర్నెల్ కార్యక్రమం నడపడం మొదలుపెట్టగానే, పిల్లలు భయపడతారని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆమె అలాగే కొనసాగింది. గ్యారీ ఒడొనహ్యూ చిన్నతనంలోనే చూపు కోల్పోయిన విలేకరి. 2024 జులైలో పెన్సిల్వేనియాలో ట్రంప్ మీద కాల్పులు జరిగిన వెంటనే, ఆ మైదానం బయట ఒక ప్రత్యక్ష సాక్షిని మాట్లాడించింది ఆయనే. కప్పు మీద తుపాకీతో మనిషి కనిపించాడని ఆ సాక్షి చెప్పిన ముక్కను ప్రపంచమంతా విన్నది. 2021లో నృత్య పోటీ 'స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్'లో బధిర నటి రోజ్ ఎయిలింగ్-ఎల్లిస్, ఆమె జోడీ నాట్యం చేస్తుండగా సంగీతం కొన్ని సెకన్లు పూర్తిగా ఆగిపోయింది, అడుగులు ఆగలేదు. ఆ పోటీలో ఆమే గెలిచింది. ఇప్పటిదాకా ఈ వ్యాసంలో చెప్పినవి చాలావరకు వినేవాళ్ల ప్రపంచాన్ని వినలేనివాళ్లకు అందించే పనులు. ఇది ఎదురు దిశలో చేసినది.

తెర వెనక పరిస్థితి ఇంత బాగా లేదు. నాటక రచయిత జాక్ థోర్న్ (మనవాళ్లు 'అడోలసెన్స్' సిరీస్ ద్వారా ఎరిగినవాడే) 2021లో ఎడిన్‌బరో టీవీ ఉత్సవంలో ఇచ్చిన ఉపన్యాసంలో, టీవీ పరిశ్రమ వికలాంగుల విషయంలో పూర్తిగా విఫలమైందని సూటిగా అన్నాడు. స్టూడియోల్లో వీల్‌చెయిర్ పట్టే మరుగుదొడ్డి లేని సంగతి దగ్గర్నుంచి ఎత్తిపొడిచాడు. మరుసటి ఏడాదే బీబీసీ సహా ప్రధాన ప్రసార సంస్థలు కలిసి టీవీ యాక్సెస్ ప్రాజెక్ట్ పెట్టుకుని, 2030 గడువు రాసుకున్నాయి. ఆ గడువు నిలబడుతుందో లేదో చూడాలి. తెర కింద రెండు వరుసల మీద చూపిన శ్రద్ధ స్టూడియో మెట్ల మీద ఎందుకు చూపలేదన్నది మాత్రం నాకు ఇప్పటికీ అర్థంకాని విషయం.

మన దగ్గర దూరదర్శన్ 1987లో సైగల భాషలో వారానికోసారి వార్తలు మొదలుపెట్టింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రసారాలకు సబ్‌టైటిల్స్, ఆడియో డిస్క్రిప్షన్, సైగల అనువాదం ఉండాలంది. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు 'పఠాన్' సినిమా ఓటీటీలోకి వచ్చేముందు వీటిని చేర్చమని నిర్మాతలకు చెప్పింది. శాతాలు, ఆదేశాలు వస్తున్నాయి. బీబీసీ రాసుకున్న ఆ పుస్తకం లాంటిది తెలుగుకు ఎవరు రాస్తారన్నదే నా ఆలోచన. ఆడియో డిస్క్రిప్షన్‌కైతే మనకు దగ్గరి పూర్వరూపాలు ఉన్నాయి: సినిమా శబ్దాన్ని కుదించి ఆదివారాలు ఆకాశవాణి వినిపించిన సంక్షిప్త శబ్దచిత్రాలు. బొమ్మ లేకుండా సినిమాను అర్థం చేసుకోవడం మన శ్రోతలకు కొత్త కాదు.

అయితే కొన్ని చిక్కులు ఇంగ్లిషువాళ్లు చూడనివి. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, రెండు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, అంటే తెరలో మరికొంత భాగం పోతుంది. సంధి కలిసిన పొడవాటి మాటను వరుస చివర ఎక్కడ విరవాలి? ఆడియో డిస్క్రిప్షన్‌లో ఇంకో చిక్కు. తలుపు తీసుకుని ఒక కొత్త మనిషి లోపలికొచ్చాడనుకోండి. ఇంగ్లిషు వ్యాఖ్యాతకు ఒకటే సర్వనామం. తెలుగు వ్యాఖ్యాత మాత్రం ఆ ఒక్క సెకనులో వాడు అనాలా, అతను అనాలా, ఆయన అనాలా అని తేల్చుకోవాలి. 'వాడు' అంటే విలన్ అని ముందే చెప్పేసినట్టు. 'ఆయన' అంటే రచయిత ఇంకా ఇవ్వని మర్యాద మనం ఇచ్చినట్టు. ఒకవేళ మొదట 'అతను' అని మొదలుపెడితే, అరగంట తర్వాత అతను ఊరి పెద్ద అని తెలిసినప్పుడు, క్రియ చివర 'డు' వదిలి 'రు' ఎప్పుడు వెయ్యాలి? ఆ రహస్యం విప్పిన డైలాగు తర్వాతే, అంతకు ఒక్క వాక్యం ముందు కాదు.